అరటిపండు హోదా

నేను అఖిల ప్రపంచ కబడ్డీ మహామండలిలో ప్రత్యేక ఆహ్వానిత శాశ్వత గౌరవ సభ్యుణ్ణి. అక్కడ అధ్యక్షుడి హోదా ఒక్క మాట. ప్రధాన కార్యదర్శిది రెండు మాటలు. నాది ఐదు. దీన్నిబట్టి మహామండలిలో నా స్థాయి ఏమిటో ఎవరైనా ఊహించుకోవచ్చు. నేనూ అలాగే ఊహించుకున్నాను.

అంతకుముందు నేను విశాఖపట్నంలో ఒక కాలేజీలో డ్రిల్లు మాస్టర్ని, తీరిక వేళల్లో జిల్లా కబడ్డీ సంఘానికి కార్యదర్శిని. రిటైరయ్యాక పొద్దున్నే బీచి రోడ్డు మీద నడుస్తూ, ఎదురొచ్చినవాళ్ళకు ఎలా నడవాలో చెబుతూ కాలక్షేపం చేస్తుండగా మహామండలి నుంచి పిలుపొచ్చింది. ఆట పుట్టిన దేశం నుంచి ఒక మనిషి బల్ల దగ్గర ఉండాలట. ప్రధాన కార్యదర్శి మెహతా గారిది ఢిల్లీయే గానీ, ఆయన దగ్గర సెంటు వాసన తప్ప మట్టి వాసన రావడం లేదని ఎవరో అన్నారట. నా దగ్గర వస్తుందని వాళ్ళకెలా తెలిసిందో నేనడగలేదు. నీలం కోటు ఒకటి కుట్టించి పంపారు. అందులో నేనూ, నాతోపాటు ఇంకో సభ్యుడూ పట్టేట్టున్నాం.

"అక్కడ మీరేం చేస్తారు?" అంది మా ఆవిడ హైమావతి.

"సలహాలిస్తాను."

"వాళ్ళు లెక్కలోకి తీసుకుంటారా?"

"సభలో చెయ్యెత్తితే ఓటే కదే. లెక్కపెట్టక చస్తారా?"

హైమావతి కోటు చేతులు లోపలికి మడిచి కుట్టి పెట్టింది. నేను మర్నాటి నుంచి ఆ కోటు వేసుకునే బీచి రోడ్డు మీద నడవడం మొదలుపెట్టాను. ఏప్రిల్ నెల ఉక్కపోతలో కూడా విప్పలేదు.

మహామండలి ఆఫీసు మంచుకొండల మధ్య ఒక సరస్సు పక్కన ఉంటుంది. కబడ్డీకి మట్టి కావాలి. ఆ ఊళ్ళో మట్టి కావాలంటే పూలకుండీ బోర్లించాలి. ఏటా అక్కడికి వెళ్ళి, బల్ల చివర తలుపు పక్క కుర్చీలో కూర్చుని, ప్రతి తీర్మానానికీ చెయ్యెత్తి వచ్చేవాణ్ణి. మెహతా గారు అవతలి కొస నుంచి చేతులు లెక్కపెట్టుకుంటూ వచ్చి, నా ముందు కుర్చీ దగ్గర ఆపేసేవారు. నా చెయ్యి ఎలాగూ లేచే ఉంటుందన్న నమ్మకం కాబోలనుకునేవాణ్ణి.

ఇలా సుఖంగా సాగిపోతుండగా విశాఖపట్నంలో ఆడవాళ్ళ ప్రపంచ కప్పు పెట్టాలన్నారు. గొడవ అక్కడ మొదలైంది.

మా అధ్యక్షుడు ఓస్వాల్డ్ గారు కబడ్డీ ఆటను ఏనాడూ ఆసాంతం చూసినవారు కాదు. ఆట జరిగే వేళకే ముఖ్య అతిథుల భోజనాలుంటాయి, ఆయన లేకపోతే సూపు చల్లారిపోతుంది. ఆయన మాట్లాడేది ఇంగ్లీషు. నేను చెప్పబోయేది సర్కారు తెలుగు. ఆయన మాటలు ఏ భాషలో అన్నా సర్కారు తెలుగులాగే ఉంటాయి కాబట్టి అనువాదంలో నష్టమేమీ లేదు.

"గౌరవ సభ్యులారా, ప్రస్తుతం ప్రపంచ కప్పునందు పన్నెండు జట్లు మాత్రమే పాల్గొనుచున్నవి. ప్రపంచము అంతకంటె విశాలమైనదని మా ప్రాథమిక అధ్యయనమున తేలినది. కావున జట్ల సంఖ్యను అరువది నాలుగుకు పెంచుటకు ప్రతిపాదించుచున్నాను."

అధ్యక్ష ఎన్నికల్లో ఒక్కో దేశానికీ ఒక్కో ఓటు. ఆ సంగతి ఆయన అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ కొత్త దేశాల్లో సగానికి సగం కబడ్డీ అంటే తినే వస్తువనుకుంటున్నాయి. వాళ్ళను పిలిచి, మట్టి కరిపించి, ఏడిపించి పంపితే తిరిగొచ్చి ఓటెవరికి వేస్తారు? బల్ల చుట్టూ అందరూ దిగాలుగా కూర్చున్నారు. నోటి దురద చెడ్డది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

"మా దగ్గర ఇలాంటివాళ్ళను అరటిపండు అంటామండి" అన్నాను.

అన్ని తలలూ తలుపు వైపు తిరిగాయి. తలుపు తెరుచుకుందేమోనని నేనూ తిరిగి చూశాను. కాదు, నన్నే చూస్తున్నారు.

"పిల్లలు ఆడుకుంటుంటారండి. అందులో ఒకడి చిట్టి తమ్ముడు నేనూ ఆడతానని ఏడుస్తాడు. వాళ్ళమ్మ వంటింట్లోంచి 'వాణ్ణి కూడా ఆడించుకోండర్రా' అని కేకేస్తుంది. అప్పుడు పెద్దపిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని 'సరే, వీడు అరటిపండు' అనుకుంటారు. ఇక వాడు అందరితో పాటూ పరిగెడతాడు, అరుస్తాడు. వాడు ముట్టుకుంటే ఎవరూ అవుట్ కారు, వాణ్ణి ముట్టుకున్నా వాడు అవుట్ కాడు. ఆటలో ఉంటాడు గానీ లెక్కలో ఉండడు."

"ఆ బాలునికి అభ్యంతరముండదా?" అన్నారు ఓస్వాల్డ్ గారు.

"వాడికి తెలియకూడదండి. కిటుకంతా అందులోనే ఉంది. అందరికీ తెలుసు, వాడికి తప్ప."

ఓస్వాల్డ్ గారు నా వైపు చాలాసేపు చూశారు. ఆ చూపులో గౌరవం ఉందనిపించింది. "ఈ వ్యవస్థ మన మండలిలో చిరకాలముగా అమలునందున్నది, దీనికి పేరు లేకపోవుటయే లోపము" అన్నారు. మెహతా గారికి పొలమారింది. పక్కాయన వీపు తట్టారు.

అలా నా మాట లెక్కలోకి వచ్చింది. ఓస్వాల్డ్ గారు ఆ మాటను 'ఆరాటీ పాండూ' అని పలకడం నేర్చుకున్నారు. పసుపుపచ్చ జెండా తయారైంది. విధాన పత్రం తయారైంది. ఏయే జట్లకు అరటిపండు హోదా ఇచ్చామన్నది పరమ గోప్యంగా ఉంచాలని అందులో మొదటి నిబంధన. ఆ నిబంధన నేను విశాఖపట్నంలో రైలు దిగేదాకా నిలబడింది. ప్లాట్‌ఫారం మీద ఒక విలేకరి మైకు పెట్టి "సార్, ఈ ఆలోచన మీదేనటగా" అన్నాడు. అటువంటప్పుడు గోప్యత పాటించడానికి నేనేమైనా రాయినా?

పేపర్లో పడింది. దేశాలన్నీ అవమానమంటూ మండిపడతాయని మహామండలి వణికింది. ఎవరూ మండిపడలేదు. అరటిపండు జట్టు ఓడిపోదన్న ఒక్క ముక్క మాత్రమే అన్ని దేశాల క్రీడా మంత్రులకూ అర్థమైంది. ఓడని జట్టు ఉంటే ఏ మంత్రికి చేదు? మాకంటే మాకని అర్జీలు పెట్టుకున్నారు.

అర్హతలు తేల్చడానికి ఒక సంఘం వేశారు. సంప్రదాయ సలహాదారుగా నన్నూ అందులో కూర్చోబెట్టారు. మా ఊళ్ళో అయితే వాళ్ళమ్మ చెబితేనే అరటిపండుగా తీసుకుంటారని గుర్తుచేశాను. వెంటనే నిబంధన రాశారు: "దరఖాస్తు చేసుకొను జట్టు పక్షమున సంబంధిత దేశపు రాయబారి, తల్లి హోదాలో, సంఘము ఎదుట సంతృప్తికరముగా విలపించవలెను." రాయబారులు వరసగా వచ్చి విలపించారు. కొందరు అలవాటు మీద బాగా చేశారు. ఒకాయనకు నీళ్ళు రాక జేబులో ఉల్లిపాయ తెచ్చుకుంటే, సాంకేతిక విభాగం ఉల్లిపాయను నిషేధిత ఉత్ప్రేరకాల్లో చేర్చింది. కిందటిసారి కప్పు గెలిచిన దేశం కూడా వచ్చింది. వాళ్ళ మేటి క్రీడాకారిణి మా ముందు కూతకు వెళ్ళి, సగంలో 'కబడ్డీ' అన్న మాట మరిచిపోయినట్టు నిలబడి బుర్ర గోక్కుంది. సంఘం చప్పట్లు కొట్టి హోదా మంజూరు చేసింది. నేను రెండు చేతులూ ఎత్తాను.

చివరికి అరవై మూడు దేశాలు అరటిపళ్ళయ్యాయి. ఒక్కటి మిగిలింది. అది మనదే. కెప్టెన్ సంతకం పెట్టనంది.

మన కెప్టెన్ మైలపల్లి నూకరత్నం. భీమిలి దగ్గర జాలరిపేట పిల్ల. నేను జిల్లా సంఘంలో ఉన్నప్పుడు, బడి మైదానంలో మగపిల్లల మధ్యకు కూతకెళ్ళి ముగ్గుర్ని ముట్టుకుని నవ్వుతూ వెనక్కొస్తుంటే చూసి జట్టులో వేసుకున్నాను. ఇప్పుడొక ఆఫీసులో తాత్కాలికంగా పనిచేస్తోంది. ప్రపంచ కప్పులో మొదటి మూడు స్థానాల్లో ఏదో ఒకటి వస్తే ఆటగాళ్ళ కోటాలో పర్మినెంటు చేస్తామన్నారు. రాకపోతే ఆ ఉన్నది కూడా పోతుంది. మోకాలికి ఒకసారి ఆపరేషనైంది, ఇంకో ప్రపంచ కప్పు దాకా అది ఆగదని డాక్టరు చెప్పాడు. సంతకం సంగతి మాట్లాడదామని ఇంటికి పిలిపించాను.

"సారూ, మీరేటో అరటిపండంట, కనిపెట్టినారట" అంది గుమ్మంలోనే.

"నీ మంచికేనమ్మా. సంతకం పెడితే ఓడిపోవు."

"గెలుత్తానా?"

"గెలవవు. ఓడవు కూడా."

"మరాడ్డమెందుకండి?"

విధాన పత్రంలో దీనికి జవాబు లేదు. "ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి అన్నట్టు, నీ ఒక్కదానికే ఎందుకమ్మా ఈ పట్టుదల?" అన్నాను.

"నా సిన్నతనంలో మా అన్న నన్ను అరటిపండన్నాడండి. నాకు తెల్దు. పొద్దుగూకేదాకా పరిగెట్టినాను. అందర్నీ అవుట్ సేసీసినాననుకుని ఇంటికొచ్చి మాయమ్మకి సెప్తే, మా అన్న, ఆడి నేస్తాలు పడీ పడీ నవ్వినారు. ఆ రోజు నాను కూడు తిన్లేదండి. మర్నాడు మా అన్న కాలట్టుకుని ఇసకలో పడీసినాను. నా ఆట ఆడ మొదలైందండి. మళ్ళా అరటిపండుని ఎందుకవుతాను?"

హైమావతి కాఫీ తెచ్చి ఆ అమ్మాయికిచ్చింది. నాకివ్వలేదు.

"ఏదైనా తేడా వత్తే మీరున్నారు గదా సారూ. మీకు ఓటుంది గదా" అంది నూకరత్నం గ్లాసు కడిగి పెడుతూ.

"ఉంది. నా చెయ్యి నీదే అనుకో" అని మాటిచ్చాను. ఇచ్చేటప్పుడు కోటు గుండీ కూడా పెట్టుకున్నాను.

ప్రపంచ కప్పు మొదలైంది. మొదటి రోజు స్టేడియం కిటకిటలాడింది. రెండు అరటిపండు జట్లు ఆడాయి. ఒకమ్మాయి కూతకు వెళ్ళి నలుగుర్ని ముట్టుకొచ్చింది. అంపైరు పసుపు జెండా ఊపాడు. ఎవరూ బయటికి వెళ్ళలేదు. అవతలివాళ్ళు ఇంకో పిల్లను పట్టుకుని కింద పడేశారు. పసుపు జెండా. ఆ పిల్ల లేచి దులుపుకుని అక్కడే నిలబడింది. సున్నా, సున్నా. ఆ మర్నాడూ సున్నా, సున్నా. వారం తిరిగేసరికి స్టేడియంలో మరమరాలతో మురీ మిక్చరు కలిపి అమ్మే అప్పన్న, ఎండకు తట్టుకోలేక నీడకు వచ్చిన నాలుగు కుక్కలు మిగిలాయి. మహామండలి ప్రకటన విడుదల చేసింది: "పరాజితులు లేని ప్రప్రథమ ప్రపంచ కప్పుగా ఈ పోటీ చరిత్రకెక్కుచున్నది."

పై రౌండ్లకు ఎవరు వెళ్ళాలో బొమ్మా బొరుసూ వేసి తేల్చారు. లెక్కలో ఉన్న జట్టు ఫైనల్లో లేకపోతే దాన్ని ఫైనలని ఎలా అంటామన్న అనుమానం మెహతా గారికి రావడంతో, మన జట్టును తిన్నగా ఫైనల్‌కు పంపారు. ఎదుటి జట్టు నార్లండ్. మంచుదేశం. బొమ్మ పడి వచ్చారు.

ఫైనల్లో నూకరత్నం కూతకు వెళ్ళిన తీరు నేను మాటల్లో చెప్పలేను. ఒక మోకాలు కట్టుతో ఉంది. అయినా గాలిపటంలా వెళ్ళి, వాళ్ళ కెప్టెన్ హెల్గా భుజం తాకి, పట్టు విదిలించుకుని గీత మీద పడింది. అంపైరు పసుపు జెండా ఊపాడు. ఆ హెల్గా, తాటిచెట్టంత మనిషి, జెండా వైపు చూసింది, నూకరత్నం వైపు చూసింది, తనంతట తానే గీత దాటి బయట కూర్చుంది.

అంపైరు పరిగెత్తుకెళ్ళాడు. "అమ్మా, దయచేసి లోపలికి రావలెను. తమకు అవుటగు అర్హత లేదు."

హెల్గాను బతిమాలి లోపలికి తెచ్చేసరికి సగం ఆట అయిపోయింది. ఆఖరుకు సున్నా, సున్నా. నూకరత్నం నడుం మీద చేతులు పెట్టుకుని స్కోరు బోర్డు వైపు చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం హోటల్లో అత్యవసర సమావేశం. మెహతా గారు చిక్కు వివరించారు: "నిబంధనల ప్రకారము లెక్కయందున్న జట్లకే స్థానములు. లెక్కయందున్నది ఒక్క జట్టు. పట్టికను పైనుంచి చదివిన అది ప్రథమ స్థానము, కింది నుంచి చదివిన ఆఖరి స్థానము. పట్టికను ఎటునుంచి చదవవలెనో నియమావళి మౌనము వహించినది."

"ప్రథమ స్థానమిచ్చినచో మిగిలిన అరువది ముగ్గురు తల్లుల మనోభావములు దెబ్బతినవా?" అన్నారు ఓస్వాల్డ్ గారు. ఎన్నికలు ఇంకో నెలలో ఉన్నాయి.

సభ్యులు పదిమంది. ఆ పదిమందిలో నేను లేనని అప్పటికి నాకు తెలియదు. కింది నుంచి చదవాలన్నవారు చేతులెత్తమన్నారు. ఐదు లేచాయి. పైనుంచి చదవాలన్నవారు ఎత్తమన్నారు. ఐదు లేచాయి. వాటితో పాటు నాదీ లేచింది. నా బతుకులో ఏ చెయ్యీ అంత నిటారుగా లేవలేదు.

"ఐదు, ఐదు. సమానము" అన్నారు మెహతా గారు.

"ఆరండి" అన్నాను.

మెహతా గారు కాగితాల వైపు చూశారు. మిగతావాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ చూపులు నేనెక్కడో చూశాను. పెద్దపిల్లలు చూసుకునే చూపులవి. ఓస్వాల్డ్ గారు లేచి బల్ల చివరిదాకా నడిచొచ్చారు. నా చెయ్యి పట్టుకుని, ఎంతో ఆప్యాయంగా, మెల్లిగా కిందికి దించారు. ఆయనకు తెలిసిన తెలుగు ముక్క ఒక్కటే. అదే అన్నారు.

"మిస్టర్ జోగారావ్. ఆరాటీ పాండూ."

తరవాత ఆయన వెనక్కెళ్ళి సమానమైనప్పుడు వేసే అధ్యక్షుడి ఓటు వేశారు. పట్టికను కింది నుంచి చదివారు.

ఇంటికొచ్చి కోటుతోనే కుర్చీలో కూలబడ్డాను. హైమావతి మంచినీళ్ళిచ్చి, "తెలిసిందా?" అంది.

"నీకు ముందే తెలుసా?"

"ఎప్పుడో."

"మరి చెప్పొద్దటే?"

"ఆ పిల్లాడికి తెలియకూడదని మీరేగా ఊరంతా చెప్పుకొచ్చారు."

మర్నాడు పొద్దున్న బీచికి వెళ్ళాలనిపించలేదు. వెళ్ళకపోతే అందరూ ఎందుకు రాలేదని అడుగుతారని వెళ్ళాను. నీళ్ళకు ఇవతల గట్టి ఇసకలో కాలితో గీతలు గీసి ఉన్నాయి. ఇటువైపు నూకరత్నం జట్టు, అటువైపు నార్లండ్ జట్టు. స్కోరు చెప్పడానికి మిక్చరు అప్పన్న బుట్ట దించి నిలబడ్డాడు. అంపైరు లేడు, జెండా లేదు.

నన్ను చూసి నూకరత్నం దగ్గరికొచ్చింది. నాకు తలెత్తాలంటే సిగ్గేసింది.

"నా చెయ్యి లెక్కలోకి రాలేదమ్మా. నాకసలు ఓటే లేదట."

"తెలిసిందండి. ఆఖరి తానమని పేపర్లో ఏసినారు."

"ఉద్యోగం?"

"పోద్దండి. వచ్చే నెలకాడ్నించి మాయమ్మతో రేవుకెల్లి సేపలమ్మాల. అది తర్వాత సూసుకుంటాను. ఈళ్ళ ఇమానం సాయంత్రానికండి. ఆలోపు గెలుత్తానో ఓడతానో నాకు తెలవాల." నార్లండ్ వాళ్ళను చూపించి, "ఆళ్ళకి ఒక మనిషి తక్కువండి. ఒకమ్మికి సీలమండ మడతబడింది. రండి" అంది.

అవతల హెల్గా కూడా చెయ్యి ఊపి పిలుస్తోంది. డ్రిల్లు మాస్టరుగా ముప్పై ఏళ్ళు పిల్లల చేత ఆడించాను గానీ నేను బరిలోకి దిగింది లేదు. "ఈ వయసులో నేనెక్కడమ్మా. పోనీ నన్ను అరటిపండుగా వేసుకోమను" అన్నాను.

"ఈడ అరటిపళ్ళేటీ నేవండి. ముట్టుకుంటే బయటికెల్లాల."

నార్లండ్ తరఫున ఓ మూల నిలబడ్డాను. మొదటి కూత నూకరత్నందే. కబడ్డీ కబడ్డీ అంటూ అటు చివరనున్న పిల్ల మీదికి వెళ్ళినట్టే వెళ్ళి, గిరుక్కున తిరిగి, నేను ఇంకా అటే చూస్తుండగా నా మోచేతి మీద ఒక్క చరుపు చరిచి గీత దాటేసింది.

"ఒకటీ" అని కేకేశాడు అప్పన్న.

అఖిల ప్రపంచ కబడ్డీలో నా వల్ల వచ్చిన మొదటి పాయింటు అది. ఎదుటివాళ్ళకే వచ్చిందనుకోండి, అయినా వచ్చింది. చెయ్యి ఇంకా చురచురమంటోంది. బయటికి వచ్చి ఇసకలో కూర్చున్నాను. కోటు విప్పి, అలకు గీత చెరిగిపోయిన చోట మడతపెట్టి వేశాను. హెల్గా కూతకు బయల్దేరింది.

"సారూ, ఇంకాస్త అవతలికి కూకోండి. మీరవుట్" అంది నూకరత్నం, ఇటు తిరిగి చూడకుండానే.

అవతలికి జరిగి కూర్చున్నాను.